వెంగమ్మ కేక

ఇది ఎప్పుడు జరిగిందని అడక్కండి. మా అవ్వకి వాళ్ల అవ్వ చెప్పేనాటికే ఇది పాత కథ. ఎక్కడ జరిగిందని అడగండి, చెబుతాను.

ఇటు ఊరు, అటు సముద్రం, రెంటికీ నడుమ ఒక పెద్ద మడుగు. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనపడదు. మడుగు మధ్యలో తుంగ మొలిచిన దిబ్బ ఒకటుండేది. నడిమిదిబ్బ అనేవాళ్లు. ఆ దిబ్బ కొస నుంచి ఊరి రేవు దాకా నీళ్లలో వరసగా కర్రలు పాతి ఉండేవి, పడవలకి దారి తెలియడానికి. దిబ్బ దొరికితే ఊరు దొరికినట్టే. తూర్పున ఇసుక తెగి మడుగు సముద్రంలో కలిసేచోటు ఉంది. దాన్ని మొగ అంటారు. సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు ఆ మొగ మడుగు నీళ్లని బయటికి లాగేస్తుంది. ఆ లాగుడులో చిక్కిన పడవ తిరిగి రాదు.

ఊరి పేరు తెల్లకుప్పం. అందరూ వల వేసుకుని బతికేవాళ్లే. అందులో పోలయ్య అని ఒకడు, వాడి పెళ్లాం వెంగమ్మ. పిల్లల్లేరు. పోలయ్య పడవేసుకుని చేపలకి పోతే, వెంగమ్మ తాటిమాను తొలిచిన చిన్న దోనెలో దిబ్బకి పోయి తుంగ కోసుకొచ్చి చాపలు అల్లేది. సాయంత్రం ఇద్దరూ ఒకే పళ్లెంలో తినేవాళ్లు. ఊళ్లో ఆడవాళ్లు నవ్వేవాళ్లు గానీ, వాళ్లకి అదే ఇష్టం.

ఒక యేడు, చలి అప్పుడప్పుడే మొదలవుతా ఉంది. పోలయ్య పొద్దున్నే చేపలకి పోయాడు. మధ్యాహ్నానికి మంచు దిగింది. చెయ్యి చాస్తే వేళ్లు కనపడని మంచు. అందరి పడవలూ ఎట్టాగో తడుముకుంటా వచ్చాయి. పోలయ్య పడవ రాలేదు.

వెంగమ్మ రేవులో కూర్చుంది. ఒక రోజు కూర్చుంది. రెండు రోజులు కూర్చుంది. మూడు రోజులు కూర్చుంది. ఆమె తోడికోడలు కన్నమ్మ గంజి తెచ్చి పక్కన పెట్టేది. ఆ గంజి అట్టాగే చల్లారేది.

మూడో రోజు పొద్దున మంచు విడింది. ఉత్తరం దిక్కున ఆకాశంలో తెల్లగా ఏదో కదిలింది. తెరచాప అనుకుని వెంగమ్మ లేచి నిలబడింది. తెరచాప కాదు. పక్షులు. పొడుగు మెడలు చాపుకుని, బారులు బారులుగా వచ్చాయి. మడుగు చుట్టూ ఒకసారి తిరిగాయి, రెండుసార్లు తిరిగాయి, మూడోసారి రెక్కలు విప్పి నడిమిదిబ్బ పక్కన నీళ్ల మీద వాలాయి.

హంసలు.

అవి ప్రతి చలికాలమూ వచ్చేవే. ఎండలు ముదరగానే పొయ్యేవే. ఊళ్లో ఎవరూ తలెత్తి చూసింది లేదు. వల మీద చూపున్నవాళ్లకి ఆకాశంతో ఏం పని? వెంగమ్మ చూపు మాత్రం అప్పటికే నీళ్లకీ ఆకాశానికీ మధ్య నిలిచిపోయి ఉంది. అందుకని ఆమెకి కనపడ్డాయి.

ఆ రోజు గంజి తాగింది.

మర్నాడు మళ్లీ రేవుకి పోయింది. ఈసారి పోలయ్య కోసం పోయిందో, హంసల కోసం పోయిందో ఆమెకే తెలియదు. ఆ చలికాలమంతా పోయింది. మరుసటి చలికాలం పోయింది. తుంగ కోస్తా, చాప అల్లుతా, వాటిని చూస్తానే ఉండేది.

వాటికి పొద్దున ఒక పని, మధ్యాహ్నం ఒక పని, సాయంత్రం ఒక పని.

పొద్దున సూర్యుడు నీళ్లలోంచి తల పైకెత్తగానే ఒక ముసలి హంస మెడ నిక్కించేది. పక్కది మెడ నిక్కించేది. ఇంక అన్నీ తలలూపుకుంటా పోదామా, పోదామా అన్నట్టు మాట్లాడుకునేవి. ఉన్నట్టుండి నీళ్ల మీద టపటపా కాళ్లు కొట్టుకుంటా పరిగెత్తి గాల్లోకి లేచేవి. తూర్పు వైపు మోకాటిలోతు నీళ్లలో దిగి, తల నీళ్లలోకి, తోక ఆకాశంలోకి పెట్టి నాచూ తుంగగడ్డలూ పీక్కు తినేవి.

మధ్యాహ్నం వాగు కలిసేచోటికి పోయేవి. అక్కడ మంచినీళ్లు. కడుపునిండా తాగి, రెక్కల మీద నీళ్లు చిలకరించుకుని స్నానం చేసి, మెడ వీపు మీద వాల్చి కునుకు తీసేవి.

సాయంత్రం దిబ్బకి తిరిగొచ్చేవి. తల్లి ముందు, తండ్రి వెనక, బూడిద రంగు పిల్లలు నడుమ. ఒక సంసారం దిగితే ముందే దిగిన సంసారం పలకరించేది. అది బదులు చెప్పేది. చీకటి పడేదాకా దిబ్బంతా ఒకటే గోల. కోఁ... క్కోఁ... కోఁ... క్కోఁ... ఆ గోల మడుగంతా పాకేది.

ఊళ్లోవాళ్లు వెంగమ్మని ఆట పట్టించేవాళ్లు.

"ఏం వెంగమ్మా, నీ చుట్టాలు కులాసానా?"

"కులాసానే. ఒకదానికి కాలు బెణికినట్టుంది. నిన్నటి నుంచి కుంటుతా ఉంది. మొగుడు దాన్ని వదలకుండా పక్కనే ఉన్నాడు" అనేది, ఎగతాళి ఏమాత్రం తెలియనట్టు.

వాళ్లు నవ్వుకుంటా పోయేవాళ్లు. కన్నమ్మకి మాత్రం నవ్వు వచ్చేది కాదు. "ఎన్నాళ్లిట్టా కూర్చుంటావు చెల్లీ?" అనేది.

"అవి సాయంత్రానికి తిరిగొస్తాయక్కా. రోజూ తిరిగొస్తాయి. చూస్తే మనసుకి బాగుంటుంది."

అట్టా ఏళ్లు గడిచాయి. ఆమె జుట్టు నెరిసింది.

ఒక యేడు మడుగులో చేపలు పడలేదు. వల వేస్తే నాచు వచ్చింది. మళ్లీ వేస్తే బురద వచ్చింది. ఇంకోసారి వేస్తే వలే చిరిగి వచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుస్తా ఉన్నారు. ఊరి పెద్ద అంకయ్య అందర్నీ రేవులో కూర్చోబెట్టాడు. అంకయ్య అంటే కన్నమ్మ మొగుడు, పోలయ్యకి అన్న, వెంగమ్మకి బావ. పెద్ద గొంతు, పెద్ద చెయ్యి. మంచివాడే. అయినా ఊరు ఆకలితో తన వైపు చూస్తా ఉంటే ఏదో ఒకటి చెప్పాలి గదా.

"దిబ్బ మీద అన్ని పక్షులున్నాయి. అన్నీ మడుగులోనే తింటన్నాయి. మన చేపలు యాడికి పోతన్నాయో ఇంకా తెలియలేదా?" అన్నాడు. "వాటిని తరిమేద్దాం."

అందరూ సరే అన్నారు.

వెంగమ్మ అంకయ్య ఇంటికి పోయింది. "బావా, అవి చేపలు తినవు. గడ్డలు తింటాయి. నేను రోజూ చూస్తన్నా" అంది. అంకయ్య నవ్వి పంపించేశాడు.

మర్నాడు మళ్లీ పోయింది. "బావా, ఒక్క పొద్దున నాతో వచ్చి చూడు. చూసినాక నీ ఇష్టం." అంకయ్య కసిరాడు. "నా ఇంట్లో పొయ్యి వెలగడం లేదు. పిట్టల్ని చూస్తా కూర్చోమంటావా?"

మూడోనాడు మళ్లీ పోయింది. గడప దగ్గర నిలబడింది. అంకయ్యే తల దించుకుని నిదానంగా అన్నాడు.

"అవి తింటన్నాయో లేదో నాకు తెలియదమ్మా. ఊరు నా మొహం చూస్తా ఉంది. ఏమీ చెయ్యకుండా కూర్చోలేను."

వెంగమ్మ తిరిగి వచ్చేసింది.

ఆ సాయంత్రం మగవాళ్లు పడవల మీద పోయి దిబ్బ చుట్టూ డప్పులు కొట్టారు. హంసలు లేచి, తిరిగి తిరిగి, మళ్లీ వాలాయి. రెండో సాయంత్రం డప్పులతోపాటు రాళ్లు విసిరారు. లేచి, తిరిగి తిరిగి, మళ్లీ వాలాయి. మూడో సాయంత్రం దిబ్బ మీద తుంగకి నిప్పు పెట్టారు.

హంసలు పొగలోంచి లేచాయి. మడుగు చుట్టూ ఒకసారి తిరిగాయి, రెండుసార్లు తిరిగాయి, మూడుసార్లు తిరిగాయి. వాలడానికి చోటు లేదు. దక్షిణంగా పోయాయి. వెంగమ్మ రేవులో నిలబడి చూసింది. కళ్లు నొప్పి పుట్టేదాకా చూసింది.

చేపలు పడ్డాయా అంటారా? పడలేదు. వల వేస్తే మళ్లీ నాచే.

వెంగమ్మ పొద్దున్నే రేవుకి పోవడం మానలేదు. "ఇంకా ఏం చూడ్డానికే?" అని కన్నమ్మ అడిగితే, "అలవాటక్కా" అనేది.

కొన్నాళ్లు పోయాక, ఒక రోజు ఊళ్లో పడవలన్నీ చేపలకి పోయాయి. మొగ దాపులో నాలుగు చేపలు పడుతున్నాయని ఎవరో అంటే, ఆకలి కదా, అందరూ అటే పోయారు. అంకయ్య కూడా పోయాడు. మధ్యాహ్నం దాటింది. మంచు దిగింది. చెయ్యి చాస్తే వేళ్లు కనపడని మంచు.

ఆడవాళ్లు రేవుకి పరిగెత్తుకొచ్చారు. పేర్లు పెట్టి పిలిచారు. ఎదురుగాలి పిలుపుల్ని మొహాన తిప్పికొట్టింది. డప్పు తెచ్చి కొట్టారు. తడికి తోలు సాగిపోయి, పరుపు మీద కొట్టినట్టు మెత్తగా మోగింది. కన్నమ్మ ఇసుకలో కూలబడి వెంగమ్మ చెయ్యి పట్టుకుంది.

"చెల్లీ, ఎప్పుడూ మంచు దిగేది. ఎప్పుడూ వచ్చేవాళ్లు. ఇయ్యాల ఎందుకే నాకింత గుబులు?"

వెంగమ్మ మడుగు వైపు చెవి పెట్టింది. ఏమీ వినపడలేదు. ఇన్నేళ్లలో మంచు దిగిన రోజున ఆ మడుగు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు.

ఎప్పుడూ లేదా? ఒక్కసారి ఉంది. పోలయ్య పోయిన రోజు. హంసలు అప్పటికింకా రాలేదు. మూడో రోజున గదా వచ్చాయి.

ఆమెకి అప్పుడు తెలిసింది. చలికాలమంతా మంచు దిగేది. చలికాలమంతా దిబ్బ మీద ఆ గోల ఉండేది. మగవాళ్లు ఆ గోల విని, వింటున్నామని కూడా తెలియకుండా, అటు గెడ వేసుకుంటా వచ్చేవాళ్లు. దిబ్బ దొరికేది. కర్రల వరస పట్టుకుని ఊరు చేరేవాళ్లు. ఇప్పుడు దిబ్బకి గొంతు లేదు.

"అక్కా, రేవులో మంట వేసి, ఆరిపోకుండా చూడు" అని వెంగమ్మ దోనె విప్పింది.

"యాడికే? పిచ్చా నీకు?"

"దిబ్బకి."

ఒక కర్రని పట్టుకుంది. గెడ వేసి ఇంకో కర్రని తడిమి పట్టుకుంది. ఇంకోటి. ఇంకోటి. అట్టా కర్ర కర్రకీ చెయ్యి మారుస్తా మంచులో కలిసిపోయింది. కన్నమ్మకి ముందు దోనె కనపడకుండా పోయింది, ఆనక గెడ చప్పుడు వినపడకుండా పోయింది.

వెంగమ్మ దిబ్బ మీద దిగింది. కాలిన తుంగ మొదళ్లు అరికాళ్లలో గుచ్చుకున్నాయి. నీళ్లలో మోకాళ్లదాకా దిగి నిలబడి, "బావా!" అని అరిచింది. ఆ కేక నాలుగు బారలు కూడా పోలేదు. "ఓహో!" అని అరిచింది. అదీ అంతే. మనిషి గొంతు ఆ మంచులో నానిపోతా ఉంది.

కళ్లు మూసుకుంది. సాయంత్రాలు గుర్తు చేసుకుంది. ముందు దిగిన సంసారం, వెనక దిగే సంసారాన్ని ఎట్టా పిలిచేది? మెడ ఎట్టా చాపేది? ఎక్కడ గొంతు పైకి లేచేది, ఎక్కడ విరిగేది? అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని, మెడ చాపి పిలిచింది.

కోఁ... క్కోఁ...

మొదటిసారి గొంతు చీరుకుపోయింది. రెండోసారి దగ్గొచ్చింది. మూడోసారి ఆ పిలుపు నీళ్ల మీద జారుకుంటా పోయింది. ఆమెకే భయమేసింది. అచ్చం అదే.

కోఁ... క్కోఁ... కోఁ... క్కోఁ...

అటు మొగ దగ్గర పడవలు ఒకదానికొకటి కనపడక కొట్టుకుంటా ఉన్నాయి. నీళ్లు లాగుతా ఉన్నాయి. గెడకి నేల అందడం లేదు. సముద్రం హోరు దగ్గరైపోతా ఉంది. అంకయ్య పడవలో ఒకడు దేవుడికి మొక్కుతా ఉన్నాడు, ఒకడు ఏడుస్తా ఉన్నాడు. అంకయ్యకి తమ్ముడు గుర్తొచ్చాడు. వాడూ ఇట్టాగే విని ఉంటాడు ఈ హోరు అనుకున్నాడు.

అప్పుడు ఎడమ చేతి వైపు, ఎక్కడో దూరంగా...

"హంసలు!" అన్నాడు ఏడ్చేవాడు.

"తరిమేశాం గదరా."

"వచ్చాయి! వినండి, వచ్చాయి!"

"అటే దిబ్బ! ఎయ్యండ్రా తెడ్లు!" అని అంకయ్య అరిచాడు.

ఒక పడవ వచ్చింది. ఇంకో పడవ వచ్చింది. ఒకదాని వెనక ఒకటి అన్నీ వచ్చి దిబ్బకి తగిలాయి. ఆఖరుకి అంకయ్య పడవ వచ్చింది. అతను దిగి చూశాడు. హంసలు లేవు. మోకాటిలోతు నీళ్లలో, నెరిసిన జుట్టు మొహానికి అతుక్కుపోయి, మెడ చాపి పిలుస్తా ఒక ముసలామె నిలబడి ఉంది. చుట్టూ ఇంతమంది చేరారన్న ధ్యాస ఆమెకి లేదు.

"వెంగమ్మా" అన్నాడు అంకయ్య.

ఆమె పిలుస్తానే ఉంది.

అతను దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాడు. "అందరం వచ్చేశాం తల్లీ. అన్ని పడవలూ వచ్చేశాయి. ఇంక ఆపమ్మా."

వెంగమ్మ కళ్లు తెరిచింది. ఒక్కొక్క మొహాన్నీ చూసింది. గొంతు పూర్తిగా పోయింది. గాలి ఊదినట్టు చిన్నగా అంది.

"ఇంకొక్కసారి పిలుస్తా బావా."

ఎవరి కోసమని ఎవరూ అడగలేదు. అంకయ్య తలగుడ్డ తీసేశాడు. అతన్ని చూసి అందరూ తీసేశారు. వెంగమ్మ మొగ వైపు తిరిగి, మెడ చాపి, ఇంకొక్కసారి పిలిచింది. అది మంచులోకి పోయి, పోయి, ఆగిపోయేదాకా అందరూ నిలబడ్డారు.

ఆనక కర్రల వరస పట్టుకుని ఊరు చేరారు. రేవులో మంట పక్కన కన్నమ్మ, ముందు మొగుణ్ని కాదు, వెంగమ్మనే పట్టుకుని ఏడ్చింది.

ఆ తరవాతి వానాకాలంలో అంకయ్య ఎవరికీ చెప్పకుండా దిబ్బకి పోయి తుంగ నాటడం మొదలుపెట్టాడు. చూసి ఒకరు పోయారు, ఇద్దరు పోయారు, చివరికి ఊరంతా పోయింది. చలి వచ్చేసరికి దిబ్బ మళ్లీ పచ్చబడింది.

చలి వచ్చింది. హంసలు రాలేదు.

వెంగమ్మ పొద్దున్నే రేవులో కూర్చుంది. అంకయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏమీ రాలేదు. మర్నాడు కూర్చున్నారు. ఏమీ రాలేదు. "నేను చేసింది అవి మర్చిపోవులే" అన్నాడు అంకయ్య.

"వాటికి పిల్లలుంటాయి గదా బావా. పిల్లలకి తెలియదుగా" అంది వెంగమ్మ. ఆమె గొంతు ఆ రోజు నుంచీ బొంగురుగానే ఉండిపోయింది.

కొన్నాళ్లకి ఒక పొద్దున ఉత్తరాన తెల్లగా ఒక గీత కనపడింది. బారులు కాదు, చిన్న గుంపు. మడుగు చుట్టూ ఒకసారి తిరిగాయి. రెండుసార్లు తిరిగాయి. అంకయ్య లేచి నిలబడ్డాడు. మూడోసారి వాలాయి.

తూర్పున తిండికి దిగినప్పుడు అంకయ్య దోనెలో పోయి తుంగ చాటున దాక్కుని చూశాడు. తలలు నీళ్లలో, తోకలు ఆకాశంలో. ఒకటి పైకి లేచింది. ముక్కున ఏముంది? గడ్డ. ఇంకోటి లేచింది. గడ్డే. అంకయ్య అట్టాగే తిరిగొచ్చి, వెంగమ్మ ముందు నిలబడి, "గడ్డలే" అన్నాడు. వెంగమ్మ పకపకా నవ్వింది. పోలయ్య పోయినాక ఆమె అట్టా నవ్వడం ఊరు విన్నది అదే మొదలు.

ఏటేటా హంసలు పెరిగాయి. చేపలంటారా? ఒక యేడు పడ్డాయి, ఒక యేడు పడలేదు. అది నీళ్ల ఇష్టం.

వెంగమ్మ ఒక చలికాలం మధ్యాహ్నం, హంసలు వాగు దగ్గర కునుకు తీసే వేళ, రేవులో చాప మీద కూర్చునే కన్ను మూసింది. సగం అల్లిన చాప ఒళ్లో ఉంది. ఊరంతా కలిసి ఆమెని కాటికి మోసుకుపోయింది.

తరవాతి యేడు హంసలింకా రాకముందే మంచు దిగింది. పడవలు మడుగులో ఉన్నాయి. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కన్నమ్మ లేచింది. అప్పటికి ఆమె నడుం వంగిపోయింది. దోనె విప్పి, కర్ర కర్రకీ చెయ్యి మారుస్తా దిబ్బకి పోయి పిలిచింది. ఆమె పిలుపు హంసలా లేదు, కాకిలా ఉందని మగవాళ్లు ఇంటికొచ్చి అన్నం తింటా నవ్వారు. ఇంటికైతే వచ్చారు కదా, నవ్వడానికి.

అప్పటి నుంచీ అది ఆ ఊరి ఆనవాయితీ. చలి మొదలై హంసలు వచ్చేదాకా, మంచు దిగిన ప్రతి రోజూ ఒక ఆడమనిషి దిబ్బకి పోయి పిలుస్తుంది. ఒక రోజు ఈ ఇల్లు, ఒక రోజు ఆ ఇల్లు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి ముందు వంట కాదు, ఆ పిలుపు నేర్పుతారు. దాన్ని వెంగమ్మ కేక అంటారు. హంసలు వాలిన రోజున ఇంక దిబ్బ వాటిదే. ఎండలు ముదిరి అవి పోయేదాకా దాని మీద ఎవరూ కాలు పెట్టరు.

ఊళ్లో ఎవరైనా ఇంటికి ఆలస్యమైతే, వాడు మడుగు మీద ఉన్నా, సంతలో ఉన్నా, పరాయి దేశంలో ఉన్నా, "వస్తాడులే, వెంగమ్మ పిలుస్తానే ఉంటుంది" అంటారు.

ఇంకొకటి ఉంది. పడవలన్నీ వచ్చేశాక కూడా, దిబ్బ మీది మనిషి వెంటనే దోనె ఎక్కదు. మొగ వైపు తిరిగి ఇంకొక్కసారి పిలుస్తుంది. మగవాళ్లు తలగుడ్డలు తీసి నిలబడతారు. అందరూ వచ్చేశారు గదా, ఇది ఎవరికని పిల్లలు అడుగుతారు.

"ఇంకా దారిలో ఉన్నవాళ్లకి" అని చెబుతారు అవ్వలు.